మేనమామ ఒడి

సహస్ర బాత్రూంలోకి పోయి లోపల గడియ పెట్టుకుంది.

బయట షామియానా కింద పీట వేసి ఉంది. చెవులు కుట్టే అవుసులాయన బంగారు తీగ కొసను సానబెట్టి పసుపునీళ్ళ గిన్నెలో వేసుకుని కూర్చున్నాడు. ముహూర్తం దాటిపోతోందని పంతులు లోపలికి కబురు పంపాడు.

"తలుపు తియ్ బిడ్డా. సుట్టాలందరు వచ్చిండ్రు," అంది వాళ్ళమ్మ, యాదలక్ష్మి చిన్నమ్మ.

లోపలినుంచి నల్లా తిప్పిన చప్పుడు వచ్చింది. బకెట్లో నీళ్ళు పడుతున్నాయి.

"నొస్తదని భయపడుతుంది. రాంగనే బెల్లం ముక్క నోట్ల పెట్టుండ్రి, ఊకుంటది," అంది నాయనమ్మ లలితమ్మ.

సహస్రకు ఏడేళ్ళు. అయిదో ఏట కుట్టాల్సిన చెవులు తాత చనిపోవడంతో ఆగిపోయాయి. ఇప్పుడు చెల్లెలు కృతికకు మూడేళ్ళు నిండాయని ఇద్దరికీ ఒకేసారి పెట్టుకున్నారు. మా వాళ్ళలో చెవులు కుట్టేటప్పుడు పిల్లను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. పోగులు, కొత్త బట్టలు ఆయనే తేవాలి. ఒడి లేకుండా చెవి కుట్టరు.

భయం నొప్పికి కాదని నాకు తెలుసు. మొన్న తల దువ్వుతుంటే సహస్ర నాకు ఒక మాట చెప్పింది. "వంశీ మామ నన్ను టీచర్ ముట్టనియ్యొద్దన్న కాడ ముట్టుకుంటడు అక్కా. అమ్మకు చెప్తే అమ్మ సచ్చిపోతదని చెప్పిండు."

అమ్మ చచ్చిపోదని నేను చెప్పాను. మామ ఒళ్ళో కూర్చోబెట్టనియ్యనని కూడా చెప్పాను. ఎట్లా ఆపాలో మాత్రం నాకు తెలియదు. నేను రేగోడ్ నుంచి ఇంటర్ చదవడానికి వచ్చి చిన్నాయన ఇంట్లో ఉంటున్న దాన్ని. ఈ ఇంట్లో నన్ను ఎవరూ ఏదీ అడగరు.

బాత్రూం ముందు ఆడవాళ్ళు గుంపు కట్టారు.

"మామంటె సిగ్గయితుంది పిల్లకు!"

"ఇప్పటికెల్లే గింత సిగ్గుపడితే పెండ్లినాడు ఏం చేస్తదే!"

"మామనే పిలువుండ్రి. ఆయినొచ్చి బతిమాలితె అదే వస్తది."

పిలవకముందే వంశీ మామ వచ్చాడు. చిన్నమ్మకు ఒక్కడే తమ్ముడు. కొత్త తెల్ల చొక్కా మీద కండువా వేసుకున్నాడు. చేతిలో బట్టల పళ్ళెం ఉంది.

"ఏంది, నా పెళ్ళాం అలిగిందా? జరుగుండ్రి జర."

లోపల నల్లా ఆగిపోయింది.

నేను పోయి తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"నువ్వు అవుతలికి పో మామా," అన్నాను. నేను అనుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది.

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ నవ్వారు.

"వామ్మో, భవాని మాట్లాడింది! ఇయ్యాల వాన పడ్తది!"

"రేగోడు పిల్లకు నోరుందే!"

వంశీ మామ కూడా నవ్వాడు. పళ్ళెం చిన్నమ్మ చేతికిచ్చి నా దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "నీకేం చెప్పింది అది?"

నేను తలుపుకు ఇంకా ఆనుకున్నాను. పళ్ళెం పట్టుకుని చిన్నమ్మ పక్కనే ఉంది.

*

చిన్నమ్మ నా రెక్క పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. బయట గిన్నెల్లో బగారా అన్నం దమ్ మీద ఉంది. వంటింట్లో ఎవరూ లేరు.

"ఏందే నీ లొల్లి? గింతమంది ముంగట వాణ్ణి గట్ల అంటవా?"

"చిన్నమ్మా, సహస్రను మామ ఒళ్ళ కూసోబెట్టకు."

"ఎందుకు?"

సహస్ర చెప్పిన మాట ఆమె చెప్పినట్టే చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు, తీసెయ్యలేదు.

చిన్నమ్మ నా చెంప మీద కొట్టింది.

పెద్దగా నొప్పి లేదు.

"ఎవలనుకుంటున్నవే వాణ్ణి? మా అమ్మ పోయిన్నాడు వానికి నాలుగేండ్లు. నేను సంకకెత్తుకొని తిప్పిన. నేను తినకుంట వానికి పెట్టిన. నా కడుపుల పుట్టలేదు, గంతే. పల్లెటూరికెల్లి తెచ్చి ఇంట్ల పెట్టుకుంటె, నా తమ్మునికే బట్ట కాల్చి మీదేస్తవా?"

"నేను అంటలేను చిన్నమ్మా. సహస్ర అన్నది."

"అది పిల్ల. దానికేమెర్క? ఫోన్ల ఏదో చూసుంటది."

చిన్నమ్మ పొయ్యి వైపు తిరిగింది. వెలగని పొయ్యి మీద పాల గిన్నె ఉంది. దాని మూత తీసింది, మళ్ళీ పెట్టింది.

"బడికెల్లి మామ తోలుకొస్తుండు," అన్నాను. "నువ్వు షాపుల ఉంటవు. నాయనమ్మ టీవీ పెట్టుకుంటది. నేను కాలేజీకెల్లి వచ్చేసరికి సహస్ర మంచం కింద కూసోని ఉంటది. ఆడుకుంటున్నదని అనుకున్న."

"ఊకో."

"మళ్ళ పక్క తడుపుతుంది."

"దిష్టి తగిలిందని తాయత్తు కట్టిచ్చినం కద."

"గౌను లోపట రెండు లెగ్గింగులు ఏస్కుంటుంది చిన్నమ్మా. గంత ఎండలల్ల."

"ఎందుకేస్కుంటున్నవని కొట్టిన," అంది చిన్నమ్మ. అని ఆగింది.

మూలకున్న బియ్యం బస్తా మీద కూర్చుంది. పట్టుచీర నలుగుతుందని కూడా చూసుకోలేదు. బయట ఎవరో పిల్లలకు రబ్బరు బుగ్గలు ఊది ఇస్తున్నారు. ఒకటి పగిలింది. కృతిక నవ్వు వినబడింది.

చిన్నమ్మ అడిగింది. నన్ను కాదు, ఎదురుగా ఉన్న గోడను అడిగినట్టు అడిగింది.

"ఏమైంది అని అడగాలె కద వాడు. 'ఏం చెప్పింది' అని ఎందుకడిగిండు?"

ఆమెకే జవాబు తెలిసినట్టుంది.

*

బాత్రూం ముందున్న ఆడవాళ్ళను చిన్నమ్మ షామియానా కిందికి పంపేసింది. తలుపుకు నోరు దగ్గర పెట్టి మాట్లాడింది.

"సహస్రా, నేనే. మామ ఒళ్ళ కూసోబెట్ట నిన్ను."

లోపలినుంచి సహస్ర గొంతు వినబడింది.

"ఒట్టా?"

"ఒట్టు."

"నాయినమ్మ చెప్పినా?"

"చెప్పినా కూసోబెట్ట."

"డాడీ చెప్పినా?"

తలుపు మీద చిన్నమ్మ పెట్టిన అరచెయ్యి అట్లాగే ఉంది.

"డాడీ చెప్పినా," అంది.

గడియ తీసిన చప్పుడైంది. సహస్ర తల నుంచి కాళ్ళ దాకా తడిసి ఉంది. పట్టులంగా ఒంటికి అతుక్కుపోయింది. ఎక్కడ కుట్టాలో గుర్తుకు చెవుల మీద పెట్టిన కుంకుమ బొట్లు కారి మెడ మీదికి వచ్చాయి. చిన్నమ్మ ఆమెను ఎత్తుకుంది. ఎత్తుకునే వయసు దాటిపోయిన పిల్ల. కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి.

అప్పుడే రాజేందర్ చిన్నాయన వచ్చాడు. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో కౌన్సిలర్‌గా నిలబడాలని ఆయన తిరుగుతున్నాడు. వార్డులో ఇల్లిల్లూ తిరిగి పరిచయం చేసేది వంశీ మామే.

"ఏం లొల్లి లక్ష్మీ? పెద్దమనుషులొచ్చి కూసున్నరు. ఇదేంది, గిట్ల తడిసింది?"

సహస్రను నా దగ్గరికి పంపి, చిన్నమ్మ ఆయనను వంటింటి గుమ్మం దగ్గరికి తీసుకుపోయింది. రెండు మాటల్లో చెప్పింది. ఆయన ముఖం నాకు పక్కనుంచి కనబడుతోంది. నమ్మలేదని అనిపించలేదు. కోపం వచ్చినట్టూ లేదు. షామియానా వైపు చూశాడు.

"గిప్పుడా చెప్పేది?"

"గిప్పుడే తెలిసింది."

"సరే. ఇయ్యాల్టికి కానియ్. సుట్టాలు పోయినంక వాని సంగతి నేను చూస్త."

"కానియ్ అంటె? వాని ఒళ్ళ కూసోబెట్టుమంటున్నవా?"

"అయిదు నిమిషాల పని. అందరి ముంగట ఏం చేస్తడు?"

చిన్నమ్మ ఆయన ముఖంలోకి చూసింది.

"అంటె నువ్వు నమ్మినవు," అంది.

"నేనేమన్న ఇప్పుడు? మెల్లగ మాట్లాడు."

"నమ్మినవు. నమ్మి కూసోబెట్టుమంటున్నవు."

"పిల్ల పేరు బజార్ల పడ్తదే! రేపు దానికి సంబంధం ఎట్లొస్తది? జర సోయి తెచ్చుకో."

"ఏడేండ్ల పిల్లకు సంబంధమా?"

బయటినుంచి ఎవరో "రాజన్నా!" అని పిలిచారు. చిన్నాయన ముఖం తుడుచుకుని నవ్వు తెచ్చుకుని పోయాడు.

*

మా ఇంటి వెనక గోడకు ఒక చిన్న గేటు ఉంది. ఆ గేటు దాటితే ఎలిశిబా టీచర్ ఇల్లు. ఈ ఊరి పెద్ద చర్చి కట్టడంలో రాళ్ళు మోసినవాళ్ళలో వాళ్ళ తాత ఒకడని ఆమె చెబుతుంటుంది. సహస్ర చదివే బడిలోనే ఆమె టీచర్.

"భవానీ, మేడం ఇంట్ల ఉన్నదా?" అంది చిన్నమ్మ.

"ఉన్నది. మనింటికే తయారైతుంది."

"చిన్నది?"

"నాయనమ్మ కాడ."

"ఉండనీ," అంది చిన్నమ్మ. ముగ్గురం గేటు దాటి పోయాం.

టీచర్ చీర మార్చుకుని పోగుల డబ్బాకు రంగుకాగితం చుడుతోంది. తడిసిన సహస్రను చూసి కాగితం పక్కన పెట్టింది. టవల్ తెచ్చి ఆమె చేతికే ఇచ్చింది, తను తుడవలేదు. లోపలి గదిలో టీచర్ కూతురు నిస్సి బొమ్మలకు రంగులేస్తోంది. సహస్ర పోయి నిస్సి పక్కన కూర్చుంది.

చిన్నమ్మ చెప్పింది. ఈసారి ఎక్కువ మాటలు పట్టాయి.

"బడిల మీరు నేర్పిండ్రు కద మేడం," అంది చిన్నమ్మ చివరికి. "వద్దని అరువుమని, ఉరికి రమ్మని. అదెందుకు అరవలే? నాకెందుకు చెప్పలే?"

దానికి నేను జవాబు చెప్పాను. చెప్పాలని అనుకోలేదు.

"దసరాకు చెప్పింది చిన్నమ్మా."

దసరా నాడు మామ ఇంటికి రాగానే అందరూ "నీ మొగడొచ్చిండే" అని సహస్రను ముందుకు తోశారు. సహస్ర ఏడ్చింది. "నేను మామ పెళ్ళాం కాదు, నాకు మామ వద్దు," అని కింద పడి ఏడ్చింది. ఎంత ఏడిస్తే అంత నవ్వారు. నాయనమ్మ లేపి ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టింది. చిన్నమ్మ ఫోటో తీసి స్టేటస్ పెట్టుకుంది. కింద నవ్వే బొమ్మలు పెట్టింది.

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ స్టేటస్ నేను కూడ చూసిన. ముద్దుగున్నది అని పెట్టిన," అంది టీచర్. "బడిల నేర్పిన్నంటరు గని సగమే నేర్పిన. బొమ్మ చూపెట్టి, కొత్తోళ్ళు చాక్లెట్ ఇస్తె తీసుకోవద్దు అని చెప్పిన. మామ గాని, బాబాయి గాని, తాత గాని, ఇంట్లోళ్ళయినా సరే అని చెప్పనీకి నాకే నోరు రాలే. పిల్లల అమ్మానాయినలు లొల్లి పెడ్తరని."

"ఇప్పుడు నేనేం చెయ్యాలె?"

"దాన్ని మళ్ళ మళ్ళ అడగకుండ్రి. ఎవరడిగినా చెప్పియ్యకుండ్రి. చెప్పి మంచిపని చేసినవని, తప్పు నీది కాదని చెప్పుండ్రి. రోజూ చెప్పాల్సి వస్తది, ఒక్కసారితోని పోదు."

"ఆయిన చూస్కుంటనంటుండు. ఇంట్లనే."

"ఇంట్ల చూస్కునేది కాదు యాదలక్ష్మీ. తెలిసినంక చెప్పాలె, అది చట్టం. నాకు తెలిసింది. మీరు చెయ్యకపోతె నేను చేస్త. కాని తల్లిగ మీరు చేస్తె, రేపు సహస్రకు అది గుర్తుంటది."

"వాణ్ణి పట్కపోతరు."

"పట్కపోతరు."

"వాడు నా తమ్ముడు మేడం."

"ఎర్కే."

లోపల నిస్సి "ఎర్రది నాకియ్యి," అంటోంది. సహస్ర "ఆగు," అంది. మామూలు గొంతుతోనే అంది.

"ఫోన్ కలుపుండ్రి," అంది చిన్నమ్మ.

టీచర్ పిల్లల హెల్ప్‌లైన్ నంబరు ఒకటి సున్నా తొమ్మిది ఎనిమిది నొక్కి ఫోన్ చిన్నమ్మ చేతికిచ్చింది. అవతల ఆడమనిషి గొంతు. పక్కనే ఉండబట్టి నాకు వినబడుతోంది.

"చెప్పండమ్మా. పాప వయసెంత?"

"ఏడేండ్లు."

"పాప ఇప్పుడు మీ దగ్గరే ఉందా?"

"ఉన్నది."

"చేసిన మనిషి మీకు తెలుసా?"

చిన్నమ్మ కళ్ళు మూసుకుంది.

"తెలుసు. మేనమామ."

"అంటే మీకు..."

"నా తమ్ముడు," అంది చిన్నమ్మ. "నేనే పెంచిన."

"సరేనమ్మా. మీరు ఫోన్ చేసి మంచి పని చేశారు. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడు?"

"మా ఇంట్ల."

"ఆ ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఎవరైనా ఉన్నారా?"

చిన్నమ్మ నోరు తెరిచింది. అదే సమయానికి గోడ అవతల సన్నాయి మొదలైంది. దాని వెంబడే డోలు.

పెద్దపిల్ల రాకపోయినా ముహూర్తం ఆగదు.

చిన్నమ్మ ఫోన్ చేతిలో పట్టుకునే పరుగెత్తింది. టీచర్ సహస్ర దగ్గర ఉండిపోయింది. నేను చిన్నమ్మ వెనక ఉరికాను.

షామియానా కింద వంశీ మామ పీట మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కృతిక ఉంది. ఒక చేత్తో నడుమును, ఒక చేత్తో తలను కదలకుండా పట్టుకున్నాడు. నాయనమ్మ బెల్లం ముక్క పట్టుకుని ముందు కూర్చుంది. చుట్టూ ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. ఒక చెవి కుట్టడం అయిపోయింది. కృతిక గుక్కపట్టి ఏడుస్తోంది. మొదటి ఏడుపు సన్నాయిలో కలిసిపోయి మాకు వినబడలేదు.

చిన్నమ్మ మనుషులను తోసుకుంటూ పోయి కృతికను ఆ చేతుల్లోంచి లాక్కుంది.

సన్నాయి ఆగింది.

"ఇంకో చెవి ఉన్నదమ్మా," అన్నాడు అవుసులాయన, తీగ పట్టుకుని.

"ఉండనీ."

"ఒక్క చెవి కుట్టి లేస్తరా ఎవలన్న? అరిష్టం!" అంది నాయనమ్మ. "ఏమైందే నీకు?"

"ఏమైందక్కా?" అన్నాడు వంశీ మామ.

చిన్నమ్మ ఆయన వైపు చూడలేదు. కృతిక చెవి నుంచి చిన్న రక్తపు చుక్క ఆమె జాకెట్టు మీద పడింది. చేతిలో ఫోన్ ఇంకా ఆగలేదు. "అమ్మా, లైన్లో ఉన్నారా?" అని అందులోంచి సన్నగా వినబడుతోంది.

చిన్నాయన జనం లోంచి ముందుకు వచ్చాడు. నవ్వుతూనే వచ్చాడు.

"లక్ష్మీ, లోపలికి నడువు. అందరు చూస్తుండ్రు."

"చూడనీ."

"ఏందో లోపల చెప్పు, నడువు."

"ఈడనే చెప్త," అంది చిన్నమ్మ. "నువ్వు ముందుగాల పోయి, వాడు పోకుంట ముంగటి గేటు పెట్టు."

చిన్నాయన కదలలేదు. వంశీ మామ పీట మీద నుంచి లేచాడు.